ముగ్గు మీద నిలబడే ఆటగాడు

ప్రశ్న: మాది దేవరకొండ. మావాడు ఇంటర్ రెండో సంవత్సరం. ఐపీఎల్ వస్తే చాలు, ఫోన్ కెమెరాలో మొహానికి సన్‌రైజర్స్ ఆరెంజ్ రంగు పూసుకుంటాడు. ఆ కెమెరాలోనే వాకిట్లో ఆటగాడి బొమ్మను నిలువెత్తున నిలబెట్టి, పక్కన నిలబడి నాతో ఫోటోలు తీయిస్తాడు. "ముగ్గు తొక్కకమ్మా, బొమ్మ దాని మీదే మంచిగ నిలుస్తది" అంటాడు. టీమ్ ఓడితే ఆ ఫోటోలన్నీ డిలీట్ చేసి అన్నం మానేస్తాడు. పిచ్చి ముదిరిందని వాళ్ల నాన్న కోపం. నాకేమో టెన్షన్.

జవాబు: పిచ్చి కాదమ్మా. ముగ్గు గురించి మీవాడు చెప్పింది కూడా నిజమే. ఫోన్ కెమెరా నేల మీది గీతలు, చుక్కలు, అంచులు పట్టుకుని వాటి ఆధారంగా బొమ్మను ఒకచోట నిలుపుతుంది. ఏ గీతా లేని నున్నటి గచ్చు మీదైతే ఆనవాలు దొరక్క బొమ్మ జారుతుంది. అది కనిపెట్టాడంటే మీవాడి బుర్ర బాగానే పనిచేస్తోంది.

ఉప్పల్ స్టేడియం మీకు దాదాపు 100 కిలోమీటర్లు. టీవీ ముందు కూర్చుంటే వాడు చూసేవాడు మాత్రమే. మొహాన ఆ రంగు పడగానే జట్టు మనిషి అయిపోతాడు. అభిమానికి కావలసింది అదే.

రాబర్ట్ సియాల్డినీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1976లో ఒక పరిశోధన ప్రచురించారు. అమెరికాలో తమ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు గెలిస్తే, ఆ తర్వాతి సోమవారం ఎక్కువమంది విద్యార్థులు యూనివర్సిటీ పేరున్న బట్టలు వేసుకొచ్చారు. గెలుపు గురించి చెప్పేటప్పుడు "మనం" అన్నవాళ్లు ఎక్కువ, ఓటమి దగ్గర తక్కువ. మీవాడు ఫోటోలు చెరపడమూ ఆ కోవలోదే. ఓటమి తనకు అంటకుండా కాస్త పక్కకు జరుగుతున్నాడు. దానికి తిట్టకండి. వాళ్ల నాన్ననూ ఒకసారి ఆ ఫోటోలో నిలబడమనండి. అబ్బాయితో మాట కలపడానికి అంతకన్నా మంచి దారి నాకు తోచడం లేదు.

అన్నం మానడం మాత్రం గమనించాలి. ఒక పూట అలిగితే సరే. రోజుల తరబడి తిండి, నిద్ర లేక కాలేజీ కూడా మానేస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. పందెం డబ్బు ఏమైనా పోయిందేమో కూడా నెమ్మదిగా అడగండి. తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై 2017లోనే నిషేధం వచ్చింది. అయినా పిల్లలు చిక్కుకుంటూనే ఉన్నారు. అప్పు చేసి ఉంటే భయపెట్టకండి, ఎంతో ఎవరికో చెప్పనివ్వండి.