వంటింటి అప్పగింతలు

ప్రశ్న: అక్కయ్యగారూ, నా వయసు 63, మావారికి 68. పశ్చిమ మాంబళంలో రెండో అంతస్తులో ఉంటాం, లిఫ్ట్ లేదు. ఆయన పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. పిల్లలిద్దరూ దూరాన ఉన్నారు. నాకు రెండు మోకాళ్ళూ నొప్పి, కుడిచేతి బొటనవేలి మొదట్లో పోటు, పైగా థైరాయిడ్, బీపీ. ఆయనకి షుగర్. మనిషి చెడ్డవారు కాదు, "ఏమైనా సాయం చెయ్యనా" అని రోజూ అడుగుతారు. ఉల్లిపాయలు తరగమంటే మాత్రం ఎన్ని, ఎంత సన్నగా, చాకు ఎక్కడుంది అని నాలుగుసార్లు పిలుస్తారు, దానికంటే నేనే చేసుకోవడం నయం అనిపిస్తుంది. సాయంత్రానికి ఆ నొప్పీ కోపమూ కలిసి ఆయన మీద పడతాయి. తర్వాత బాధపడి, నొప్పి బిళ్ళ వేసుకుని పడుకుంటాను. ఈ వయసులో ఆయన్ని మార్చగలనా?
— ఒక సోదరి, పశ్చిమ మాంబళం

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో "సాయం" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. సాయం చేసేవాళ్ళకి పని గుర్తుండక్కర్లేదు, అది అడిగేవాళ్ళ తలలోనే ఉంటుంది. ఉల్లిపాయ తరిగేది ఆయనే అయినా ఇవాళ ఏం కూర, బుట్టలో ఉల్లిపాయలు ఎన్ని మిగిలాయి, పనమ్మాయి రాకముందే ఏ గిన్నెలు ఖాళీ చెయ్యాలి అన్నదంతా మీరే మోస్తున్నారు. అలసట ముప్పాతిక అక్కడ ఉంది. అందుకని ఆయన్ని సాయం అడగడం మానేయండి. కొన్ని పనులు మొదటినుంచి చివరిదాకా, గుర్తుపెట్టుకోవడంతో సహా ఆయనకి అప్పగించండి. పెళ్ళినాడు మన చేతులు పాలల్లో ముంచి మనల్ని అప్పగించారు కదా, ఇప్పుడు మనం అప్పగించే వంతు.

ఇది నేను మా ఇంట్లోనే నేర్చుకున్నాను. 2019 ఎండాకాలం గుర్తుందా, పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం నాలుగూ ఎండిపోయి ఊరంతా నీళ్ళ లారీ వెనక పరుగెత్తిన ఏడాది. ఒకరోజు బిందె ఎత్తబోతే నా నడుము పట్టేసింది, పదిహేను రోజులు మంచం దిగలేదు. అప్పుడు మావారు నీళ్ళ పని మొత్తం నెత్తిన వేసుకున్నారు. లారీ బుక్ చెయ్యడం, అది వచ్చే వేళకి కింద నిలబడటం, మోటారు ఎప్పుడు వేయాలి, సంపు ఎప్పుడు కడిగించాలి, తాగే నీళ్ళు ఎన్ని మిగిలాయి, అన్నీ ఆయనే చూసుకున్నారు. నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు, ఎందుకంటే అడగడానికి నేను లేచి ఉంటే కదా. తర్వాత నా నడుము బాగైంది, కానీ నీళ్ళ పని ఆయన దగ్గరే ఉండిపోయింది, ఇవాళ్టికీ మా ఇంట్లో ట్యాంకులో నీళ్ళు ఎంత ఉన్నాయో నాకు తెలియదు. అంతకుముందు ముప్ఫై ఏళ్ళు "ఈయనకి చెప్తే తప్ప చెయ్యరు" అని నేను అనుకున్న మనిషే ఆయన. చెప్పేవాళ్ళు పక్కన ఉన్నంతకాలం ఎవరైనా అలాగే ఉంటారేమో.

ఇక ఏ పని అప్పగించాలి అన్నది. ఆడపని మగపని అని చూడకండి, ఎవరి ఒంటికి ఏది పడదో చూడండి. మీ విషయంలో మొదట అప్పగించాల్సింది పొద్దుటి కాఫీ. థైరాయిడ్ బిళ్ళ పరగడుపున ఒట్టి నీళ్ళతో వేసుకుని, కాఫీకి అరగంట నుంచి గంట దాకా ఆగాలి, లేకపోతే మందు ఒంటికి సరిగ్గా పట్టదు. మనలో చాలామందిమి బిళ్ళ నోట్లో వేసుకున్న చేత్తోనే డికాషన్ దించుకుంటాం, తర్వాత రిపోర్టులో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్షలో చూసే అంకె) తగ్గలేదని డోసు పెంచుతారు. మీరు లేచి బిళ్ళ వేసుకుని మళ్ళీ మంచం మీద కూర్చోండి. ఫిల్టర్‌లో పొడి వేయడం, పాల ప్యాకెట్ తెచ్చి కాచడం, డికాషన్ దిగేదాకా ఆగడం ఆయన పని. ఆయన తీరిగ్గా చేసేసరికి మీ గంట ఎలాగూ గడుస్తుంది. కాల్షియం బిళ్ళ కూడా వేసుకుంటూ ఉంటే దాన్ని థైరాయిడ్ బిళ్ళకి నాలుగు గంటలు దూరంగా, మధ్యాహ్నం భోజనం వేళకి పెట్టుకోండి.

రెండోది టిఫిను, ఇది ఆయన ఆరోగ్యం కోసం. కొన్ని రకాల షుగర్ బిళ్ళలు వేసుకున్నాక తిండి ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది, చెమటలు పోస్తాయి, చేతులు వణుకుతాయి. మీకు మోకాళ్ళు పట్టేసి లేవలేని రోజున ఆయన టిఫిన్ కోసం కూర్చుని ఎదురుచూడటం మంచిది కాదు. ఉప్మా, దోసె, గుడ్డు ఉడకబెట్టుకోవడం వస్తే చాలు. పిండి కోసం గ్రైండర్ రాయి ఎత్తి బొటనవేలికి ప్రాణం మీదికి తెచ్చుకోకండి, మన ఊళ్ళో ప్రతి వీధి చివరా ఇడ్లీపిండి అమ్ముతారు, అది కొనడం ఆయన వాకింగ్‌లో కలిసిపోతుంది. షుగర్ పడిపోతే మూడు టీ చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, పావుగంట ఆగి మళ్ళీ చూసుకోవాలని ఇద్దరికీ తెలిసి ఉండాలి, పంచదార డబ్బా ఎక్కడుందో కూడా.

బట్టలు పిండటం, బిగుసుకున్న మూతలు తిప్పడం, బరువు కుక్కర్ ఒంటిచేత్తో దించడం, ఈ మూడూ మీ బొటనవేలికి శత్రువులు, అవన్నీ ఆయనకే. కింద కూర్చుని గుడ్డతో తుడవడం ఎవరికీ వద్దు, పొడుగు కర్ర మాప్ కొనండి. కూరలు తరిగేటప్పుడు ఎత్తు స్టూలు మీద కూర్చోండి. రోజూ వాడే డబ్బాలు నడుముకీ భుజానికీ మధ్య ఎత్తులో ఉన్న అలమరలోకి మార్చండి, ఒక ఆదివారం ఇద్దరూ కూర్చుని చేస్తే అయిపోతుంది. అప్పుడు చాకు ఎక్కడుందో కూడా ఆయనకి తెలుస్తుంది. పూజ దగ్గర పీట మీద కూర్చోలేకపోతున్నానని కొందరు కుమిలిపోతూ రాస్తారు, కుర్చీలో కూర్చుని చేసుకున్నా పూజ పూజేనమ్మా.

మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన నొప్పి బిళ్ళ నన్ను చాలా భయపెట్టింది. అది ఏ బిళ్ళ, ఎన్నాళ్ళుగా? బీపీకి వాడే కొన్ని బిళ్ళలు, వాటితోపాటు మూత్రం ఎక్కువ పోయించే బిళ్ళ, ఆ పైన మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్ళ, మూడూ కలిస్తే కిడ్నీల మీద గట్టిదెబ్బ పడొచ్చు, మద్రాసు ఎండల్లో నీళ్ళు తక్కువ తాగిన రోజుల్లో మరీను. నొప్పి బిళ్ళలు బీపీని కూడా పెంచుతాయి. వేసుకుంటున్న మందులన్నీ, బిళ్ళల పట్టీలతో సహా, ఒక సంచిలో వేసుకుని డాక్టరు ముందు కుమ్మరించండి. మోకాలికొక డాక్టరు, థైరాయిడ్‌కొక డాక్టరు అని తిరిగే మనలాంటివాళ్ళని ఒకచోట చూడటానికి గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో 2024 నుంచి వృద్ధుల కోసం ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, అక్కడికి వెళ్ళినా సరే.

మోకాళ్ళకి అసలు మందు తొడ కండరం. కుర్చీలో కూర్చుని ఒక కాలు నిటారుగా చాపి, ఐదు లెక్కపెట్టి దించండి, ఒక్కో కాలికి పదిసార్లు, పొద్దునా సాయంత్రం. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకీ మోకాలి మీద పడే బరువు సుమారు నాలుగు కిలోలు తగ్గుతుంది, కాబట్టి రెండు మూడు కిలోలు తగ్గినా తేడా తెలుస్తుంది. మెట్లెక్కేటప్పుడు తక్కువ నొప్పి ఉన్న కాలు ముందు, దిగేటప్పుడు ఎక్కువ నొప్పి ఉన్న కాలు ముందు పెట్టండి. కిందికి రోజుకి ఒక్కసారే దిగండి, పాలు, కూరలు, గ్యాసు సిలిండరు వ్యవహారం ఆయనకి వదిలేసి మీరు గుడికో పార్కుకో మాత్రం దిగండి.

ఆయన్ని మార్చగలనా అని అడిగారు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన సమయ వినియోగ సర్వే లెక్క చెప్తాను: మన దేశంలో ఇంటి పని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు చేస్తే, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు చేశారు. అసలు రోజులో ఆ పని ముట్టుకున్న మగవాళ్ళే నూటికి 26 మంది. మీవారు అడుగుతున్నారంటేనే ఆ మిగతా 74 మందిలో లేరు. ఆయన్ని దగ్గర కూర్చోబెట్టుకుని, కోపం లేని పూట, పొద్దున్న పదింటికో అలా, "ఈ పనులు ఇకనుంచి మీవి, నేను అడగను, మీరూ నన్ను అడగొద్దు" అని చెప్పండి. నొప్పి సంగతి కూడా సాయంత్రం పేలేదాకా దాచకండి. పొద్దున్న కాఫీ దగ్గరే "ఇవాళ వంగలేను" అని మామూలుగా చెప్పేస్తే అది కబురులా వినిపిస్తుంది, రాత్రి అదే మాట నిందలా వినిపిస్తుంది. మొదటి వారం కాఫీ నీళ్ళకాఫీలా ఉంటుంది, ఉప్మా ఉండలు కడుతుంది. అప్పుడు లేచి వెళ్ళి గరిట లాక్కోకండి. అది మీకు మోకాలి నొప్పికంటే కష్టంగా ఉంటుందని నాకు తెలుసు.

ప్రశ్న: మావారు (70) నేను వంటింట్లోంచి పిలిస్తే పలకరు. టీవీలో క్రికెట్ మాత్రం బ్రహ్మాండంగా వినిపిస్తుంది. కావాలనే చేస్తున్నారని గొడవపడుతున్నాం. కుక్కర్ మూడు కూతలు రాగానే స్టవ్ కట్టెయ్యమని చెప్పి స్నానానికి వెళ్తే పప్పు మాడిపోయింది.
— నంగనల్లూరు నుంచి

జవాబు: ఆ టీవీ సౌండు ఎంతలో పెడుతున్నారో ఒకసారి చూడండి. పదేళ్ళ కిందటికంటే పెంచారా? వయసుతో వచ్చే వినికిడి తగ్గుదల సన్నని, కీచు శబ్దాలతో మొదలవుతుంది, అంటే ఆడవాళ్ళ గొంతు, స, ష, త లాంటి అక్షరాలు, దూరంగా వచ్చే కూతలు ముందు పోతాయి. మిక్సీ, చిమ్నీ, కుళాయి మోగుతుంటే ఇంకా కష్టం. మాట వినిపించినట్టే ఉంటుంది కానీ ఏమన్నారో అర్థం కాదు, రెండోసారి అడగడానికి మొహమాటపడి ఊరుకుంటారు. ఒక్కోసారి చెవిలో గుబిలి గట్టిపడినా ఇలాగే ఉంటుంది, అది తీయించడం పది నిమిషాల పని. చెవి డాక్టరు దగ్గర వినికిడి పరీక్ష చేయించండి. మెషీన్ పెట్టుకోమంటే పెట్టుకోమనండి, కళ్ళజోడు పెట్టుకున్నప్పుడు లేని నామోషీ దీనికెందుకు. ఈలోగా గది అవతలనుంచి పిలవకండి, ఎదురుగా వెళ్ళి మొహం చూసి చెప్పండి. ఇన్నాళ్ళ గొడవల్లో ఎన్ని చెవి వల్ల వచ్చినవో పరీక్ష అయ్యాక ఇద్దరికీ తెలుస్తుంది.

ప్రశ్న: అమ్మా, నాకు 71, మా ఆవిడకి 67. వేళచ్చేరిలో ఉంటాం. నెలరోజుల కిందట బాత్రూంలో జారిపడి ఆవిడ కుడి మణికట్టు విరిగింది, కట్టు వేశారు. అప్పటినుంచి వంట నేనే చేస్తున్నాను. ఇష్టంగానే చేస్తున్నాను కానీ వెనకాలే నిలబడి ప్రతిదానికీ వంక పెడుతుంది. పోపు మాడింది, చారు పలచన, ఉప్పు లేదు. నిన్న నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. 44 ఏళ్ళలో ఆవిడ వంటకి నేను ఎప్పుడూ పేరు పెట్టలేదు.
— వేళచ్చేరి పాఠకుడు

జవాబు: అన్నయ్యగారూ, మీ కళ్ళనీళ్ళు అబద్ధం కాదు. ఆవిడ బాధా అబద్ధం కాదు. నలభై నాలుగేళ్ళు తనదైన చోట, మరొకరు గరిట తిప్పుతుంటే, చెయ్యి మెడకి వేలాడేసుకుని చూస్తూ నిలబడటం ఎలా ఉంటుందో ఊహించండి. వంక పెట్టడం ఒక్కటే ఆవిడకి మిగిలిన పని. కాబట్టి ఆవిడకి వేరే పని ఇవ్వండి. వారానికి ఏం వండాలో, ఏం కొనాలో ఆవిడ కుర్చీలో కూర్చుని చెప్తే మీరు రాసుకోండి. రోజుకి ఒక్క వంట మీరే అడిగి నేర్చుకోండి, ఇవాళ మజ్జిగపులుసు, రేపు కందిపొడి. అడిగి నేర్చుకునేటప్పుడు ఆవిడ చెప్పేది మీకు గుచ్చుకోదు. మిగతా వంట వేళ మాత్రం హాల్లో కూర్చోమని ప్రేమగానే కచ్చితంగా చెప్పండి.

ఈ నాలుగు మాటలు ఆవిడకి చదివి వినిపించండి: చెల్లీ, ఆయన చారు పలచనే కావచ్చు, కానీ ఒక్కసారి గిన్నెడు తాగి "బాగుందండీ" అనండి, అది మీరు నలభై నాలుగేళ్ళు వినాలనుకున్న మాటే కదా.

ఉప్పు సంగతి: రోజు మొత్తానికి మనిషికి 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, అందులోనే ఊరగాయ, అప్పడం, పెరుగన్నంలో వేసుకునేది కూడా. మీ ఇంట్లో ఉప్పు తగ్గిందంటే మీరు తెలియకుండానే మంచిపని చేశారు, నిమ్మకాయ, వేయించిన జీలకర్రపొడి కాస్త ఎక్కువ వేస్తే ఆ లోటు తెలియదు.

కట్టు ఉన్నన్నాళ్ళూ ఆవిడ వేళ్ళు, మోచెయ్యి, భుజం రోజూ కదిలిస్తూ ఉండాలి, లేకపోతే చెయ్యి మొత్తం బిగుసుకుపోతుంది. బాత్రూంలో గోడకి పట్టుకునే కడ్డీ వేయించండి, జారని పట్టా వేయండి, రాత్రి ఒక చిన్న లైటు వెలిగించి ఉంచండి. రాత్రి లేచేటప్పుడు మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, తల తిరగడం లేదని చూసుకుని నిలబడాలి, ఇది మీకూ వర్తిస్తుంది. ముట్లుడిగిన ఆడవాళ్ళకి నిలబడ్డ ఎత్తునుంచి పడితేనే మణికట్టు విరిగిందంటే ఎముకలు గుల్లబారాయేమో చూడాలి. కట్టు విప్పే రోజున ఎముకల గట్టిదనం చూసే డెక్సా పరీక్ష చేయించాలా, విటమిన్ డి చూడాలా అని మీరే గుర్తుపెట్టుకుని డాక్టరుని అడగండి. చెయ్యి బాగయ్యాక వంటిల్లు మొత్తం తిరిగి ఆవిడ చేతిలో పెట్టేయకండి, రాత్రి టిఫిను మీ దగ్గరే ఉంచుకోండి.