గుండె మచ్చను లెక్కగట్టే చదువు

ప్రశ్న: మెకానికల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. నాన్నకు గుండెపోటు వచ్చింది. కండరం కొంత చచ్చిపోయిందని ఎంఆర్ఐలో తేలింది. ఇలాంటి నష్టాన్ని కంప్యూటర్‌లో మోడల్ చేసే రంగంలోకి వెళ్లాలనుంది. మెడిసిన్ చదవకుండా కుదురుతుందా?

జవాబు: కుదురుతుంది. ఈ పని చేసేవాళ్లలో ఇంజినీరింగ్, గణితం, ఫిజిక్స్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. వస్తువును చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కగట్టే, మీకు పరిచయమున్న ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతే ఇక్కడా ఆధారం. కాకపోతే ఉక్కు కడ్డీ తనంతట తాను ముడుచుకోదు, గుండె ముడుచుకుంటుంది.

రక్తం అందక చచ్చిన కండరం చోట కొన్ని వారాల్లో కొల్లాజెన్‌తో గట్టి మచ్చ కడుతుంది. గాడోలినియం అనే కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసిన ఎంఆర్ఐలో అది తెల్లగా మెరుస్తుంది. అయితే అసలు చిక్కంతా మచ్చ అంచుల్లోనే. అక్కడ బతికినవీ చచ్చినవీ కలిసిపోయిన పోగుల మధ్య విద్యుత్ తరంగం నెమ్మదిగా, వంకరటింకరగా పాకుతుంది. అది బయటపడే సరికి చుట్టూ కండరం తేరుకుని ఉంటే, తరంగం మళ్లీ అదే దారి పట్టి గిరగిరా తిరుగుతుంది. ప్రాణాంతకమైన లయ దోషాలు ఇలా పుడతాయి. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో నటాలియా ట్రయనోవా బృందం రోగి స్కాన్ నుంచే డిజిటల్ గుండె తయారుచేసి, అబ్లేషన్ (లయ చెడగొట్టే కణజాలాన్ని కాల్చేసే చికిత్స) ఎక్కడ చేయాలో ముందే వెతుకుతుంది. నన్నడిగితే ఈ రంగంలో ఇంతకన్నా గొప్ప పని లేదు.

ఈ వారమే ఒకటి చేసి చూడండి. కణంలో విద్యుత్ ఎలా ఎగసి తగ్గుతుందో చూపే ఫిట్జ్‌హ్యూ-నాగుమో మోడల్‌లో ఉన్నవి రెండే సమీకరణాలు. పైథాన్‌లో ఒక చదరపు గ్రిడ్ మీద వాటిని నడపండి. మధ్యలో ఒక మచ్చ పెట్టి, అక్కడ వ్యాపన గుణకం (తరంగం పక్కకు ఎంత పాకుతుందో నిర్ణయించే విలువ) సున్నా చేయండి. తరంగం దాన్ని చుట్టి వెళ్తుంది. ఇప్పుడు మచ్చలోంచి సన్నటి దారి తెరిచి, అందులో వేగం తగ్గించి చూడండి. గంటల తరబడి దానికే అతుక్కుపోయారంటే ఈ పని మీకు నప్పినట్టే. ఆ తర్వాత అవకలన సమీకరణాలు, గుండె శరీరధర్మశాస్త్రం గట్టిగా చదవండి. గుండెలో విద్యుత్తును సిమ్యులేట్ చేసే ఓపెన్‌కార్ప్ సాఫ్ట్‌వేర్ చదువు, పరిశోధన కోసం ఉచితమే.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెబుతాను. పరిశోధన స్థానాలకు సాధారణంగా పీహెచ్‌డీ కావాలి. ఆక్లాండ్ బయోఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్, లండన్ కింగ్స్ కాలేజీ, ఓస్లోలోని సిములా లాంటి చోట్ల ఈ పని జరుగుతోంది. అంతకాలం చదవలేనంటే మాస్టర్స్ చేసి వైద్య పరికరాల సిమ్యులేషన్ వైపు వెళ్లొచ్చు.

ఒక్క మాట. మొదటి ప్రాజెక్టుకి నాన్నగారి స్కాన్ మాత్రం తీసుకోకండి. కోడ్ తప్పిన ప్రతిసారీ ఆ మచ్చనే చూస్తూ కూర్చోవడం మనసుకు చాలా టెన్షన్. ఆయన వైద్యం కార్డియాలజిస్టు చూసుకుంటారు. ఎమిడెక్ అనే డేటాసెట్‌లో పేర్లు తీసేసిన 150 మంది గుండె ఎంఆర్ఐలు ఉన్నాయి, వాటితో మొదలుపెట్టండి.