జిమ్‌లో చేరిన సింధుకు

తిరుపతి

సింధూ,

నువ్వు జిమ్‌లో చేరావని మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పింది. చెప్పడం కాదు, ఏడ్చింది. "దసరా లోపల తన బరువంత బరువు ఎత్తుతుందంట అక్కా. చేతులు మగపిల్లోడి చేతులైపోతాయి, గర్భసంచి జారిపోతుంది, రేపు సంబంధాలొస్తే ఏం చెప్పేది" అంది. ఆమెకు సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం భయం. మన ఇంట్లో ఆడవాళ్ళు బిందెలు మోశారు, గడ్డిమోపులు మోశారు. కావాలని, పైగా డబ్బు కట్టి బరువు ఎత్తబోయేది నువ్వే మొదలు.

ముందు మీ అమ్మ భయాల సంగతి. ఆడవాళ్ళ ఒంట్లో కండ పెంచే హార్మోన్ టెస్టోస్టెరాన్ మగవాళ్ళలో ఉండేదాంట్లో పదోవంతు కూడా ఉండదు. వారానికి మూడు రోజులు జిమ్‌కి పోతే కండలు ఉబ్బిపోవు. ఉబ్బితే బాగుండునని ఏళ్ళ తరబడి కష్టపడే ఆడపిల్లలున్నారు. గర్భసంచి జారడం నేను ఆస్పత్రిలో చూశాను. వరుస కాన్పులై, కాన్పయిన నెలకే మోపులెత్తిన వాళ్ళలో చూశాను. వాళ్ళని మోయొద్దని ఆ రోజు ఎవరూ అనలేదు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్‌లో, స్నాచ్‌లో (ఒక్క ఊపున తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి) 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. ఆ మరుసటి ఏడే కొడుకు పుట్టాడు. ఈ మాట చెప్పాకే మీ అమ్మ కాస్త నెమ్మదించింది.

వార్మప్ చెయ్యి, తెలిసినవాళ్ళు పక్కన ఉన్నప్పుడే ఎత్తు, ఊపిరి బిగబట్టి కళ్ళు తిరిగేదాకా తెచ్చుకోకు. ఇవన్నీ యూట్యూబ్‌లో నాకంటే బాగా చెబుతారు.

నా భయమంతా మొదటి రెండు నెలల గురించే. ఆ రోజుల్లో ఎత్తే బరువు చకచకా పెరుగుతుంది. నిజానికి అప్పటికి కండ పెరిగేది కొంచెమే. ఉన్న కండను పూర్తిగా వాడుకోవడం మెదడు, నరాలు నేర్చుకుంటాయి, అంతే. కండను ఎముకకు పట్టి ఉంచే టెండన్లు గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఎత్తగలుగుతున్నాం కదా అని తొందరపడేది సరిగ్గా ఇక్కడే. అందులోనూ నీది మీ మేనమామ పట్టుదల.

మీ మామ సంగతి మీ పిల్లలెవరికీ పూర్తిగా తెలియదు. "అప్పుడు వాడికి వేడి చేసింది" అని ఇంట్లో సరిపెట్టేశారు. వాడు ఇంటర్ చదివేటప్పుడు పొద్దున్నే తాలింఖానాకు, అదే పాతకాలం వ్యాయామశాలకు, వెళ్ళి దండీలు, బస్కీలు తీసేవాడు. అక్కడ ఉస్తాద్ లెక్కపెట్టి ఆపేవాడు. పరీక్షలని కొన్ని నెలలు మానేశాడు. పరీక్షలయ్యాయి, మే నెల వచ్చింది. తిరుపతి ఎండ నీకు తెలియనిది కాదు. ఆ మిట్టమధ్యాహ్నం స్నేహితుడెవడో "పొట్ట వచ్చిందిరా నీకు" అన్నాడట. వెంటనే పందెం. నీళ్ళు కూడా తాగకుండా బస్కీలు తీశాడు. ఎన్ని తీశావురా అంటే మాతో ఐదొందలంటాడు, పిల్లల ముందు వెయ్యి అంటాడు. ఆ లెక్క ఏటా పెరుగుతోంది.

మరుసటి రోజు మంచం దిగలేకపోయాడు. తొడలు వాచి బిగుసుకుపోయాయి. మీ అవ్వ కాపడం పెట్టింది, సబ్జా నీళ్ళు పట్టించింది. వీధి చివర ఆర్‌ఎంపీ వచ్చి నొప్పికి సూది వేసి వెళ్ళాడు. మూడో రోజు నేను నర్సింగ్ హాస్టల్ నుంచి సెలవుకి వచ్చాను. వాడి ముఖం చూడగానే ఏదో తేడాగా అనిపించింది. మూత్రం ఏ రంగులో పోతోందిరా అన్నాను. అక్క అట్లా అడిగేసరికి సిగ్గుపడి గోడవైపు తిరిగాడు. గద్దిస్తే చెప్పాడు. పాలు పోయని టీ డికాషన్ రంగట, అదీ నిన్నటి నుంచి కాస్తంతేనట. ఆ సాయంత్రమే ఆస్పత్రిలో చేర్చాం.

దాన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. అలవాటు తప్పిన కండతో ఒక్కసారిగా అంత పని చేయిస్తే కండ కణాలు పగులుతాయి. ఎండ తోడైతే, నీళ్ళు తక్కువైతే మరీ ప్రమాదం. కణాల్లోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలో కలిసి కిడ్నీలను దెబ్బతీస్తుంది, పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు కిడ్నీల మీద ఇంకా భారం వేస్తాయి. సెలైన్ ఎక్కుతూనే ఉంది, నేను గంటగంటకూ మూత్రం కొలిచి రాస్తూనే ఉన్నాను. డయాలసిస్ దాకా పోకుండా బయటపడ్డాడు, వెధవ.

వాడు ఇంటికొచ్చాక అవ్వ మొక్కు తీర్చడానికి అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కి, మళ్ళీ ఆ మెట్ల మీదుగానే దిగింది. ఎక్కినంతసేపూ బాగానే ఉంది. దిగాక నాలుగు రోజులు కుంటింది. దిగేటప్పుడు తొడ కండ సాగుతూనే ఒంటి బరువును ఆపాలి, అందుకే నొప్పులు ఎక్కువ. బస్కీలోనూ, మీ స్క్వాట్‌లోనూ కిందికి కూర్చోవడం అదే పని. మామూలు నొప్పి రెండో రోజో మూడో రోజో బాగా ఉండి తర్వాత తగ్గిపోతుంది. దానికి భయపడకు. కండ వాచినా, చెయ్యో కాలో సత్తువ లేక వాలిపోయినా, మూత్రం రంగు మారినా మాత్రం నేరుగా ఆస్పత్రికి వెళ్ళు. ముందు నాకు ఫోన్ చెయ్యొద్దు, ఆస్పత్రి నుంచి చెయ్యి.

మొదటి రెండు వారాలు బరువులు ఎక్కించని ఉట్టి బార్, ఆ ఇనుప కడ్డీ చాలు, అదే 20 కిలోలుంటుంది. ఇంకో రెండు సార్లు ఎత్తగలననిపించినప్పుడే దించెయ్. "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అని నెత్తిమీద అరిచే కోచ్ మాట వినకు. జ్వరమొచ్చో, పెళ్ళికి పోయో పది రోజులు మానేస్తే, వదిలిన చోట మొదలుపెట్టకు, సగంతో మొదలుపెట్టు. ఇది రాసి అద్దానికి అంటించుకో. దసరాకు కాకపోతే సంక్రాంతికి ఎత్తుతావు, ఎవరు తరుముతున్నారు?

తిండి దగ్గర నీ మీద నాకు నమ్మకం లేదు. హాస్టల్ నుంచి వచ్చినప్పుడల్లా ఇడ్లీ ఒకటి తిని లేచేదానివి. మన హైదరాబాద్ పోషకాహార సంస్థ లెక్కన మామూలు మనిషికి కిలో బరువుకి రోజూ 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. నీ 56 కిలోలకు 46 గ్రాములు. బరువులెత్తేదానివి కాబట్టి 70, 80 దాకా తిను. గుడ్డుకు 6 గ్రాములు. 100 గ్రాముల ఉలవల్లో 20కి పైనే ఉంటుంది. సంగటిలోకి పప్పు ఎక్కువ వేసుకో, చలికాలం పితికిపప్పు చేసుకో. ప్రోటీన్ పౌడర్ విషమేమీ కాదు, కానీ లేబుల్ లేని డబ్బా ఎవరిచ్చినా ముట్టుకోకు. కొవ్వు కరిగించే మాత్రల మాట ఎత్తినవాడితో మాట్లాడటం మానెయ్.

ఈ వారమే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించు. 12 కంటే తక్కువుంటే ముందు దాని సంగతి చూద్దాం, రక్తం లేకుండా బరువులేమిటి? రిపోర్టు వాట్సాప్‌లో పెట్టు.

ఆదివారం మామ చిత్తూరు వస్తున్నాడు. వాడితో ఉలవలు, చెనక్కాయలు పంపిస్తున్నా. బస్కీల సంగతి మాత్రం అడగకు. అడిగావో, సాయంత్రం దాకా కదలడు, లెక్క వెయ్యి దాటుతుంది.

పెద్దమ్మ