సోలార్ కోసం దాచుకున్న సొమ్ము తీయవచ్చా?

ప్రశ్న: పర్యావరణం కోసం మా వంతుగా ఏదైనా చేయాలని గత ఏడాది ఇంట్లో అందరం అనుకున్నాం. చిన్న మార్పులతో మొదలుపెట్టాం. డజను గుడ్డ సంచులు, స్టీలు సీసాలు, వెదురు బ్రష్‌లు కొన్నాం. పని అయిపోగానే ఫోను చార్జర్లను ప్లగ్‌లోంచి తీసేస్తున్నాం. తర్వాత విద్యుత్ స్కూటర్‌ను, కరెంటు తక్కువ తీసుకునే ఫ్రిజ్‌ను, వాషింగ్ మెషీన్‌ను వాయిదాల మీద తీసుకున్నాం. పాత ఫ్రిజ్ బాగానే పనిచేస్తోంది కాబట్టి పారేయకుండా వెనక గదిలో పెట్టి వాడుతున్నాం. అసలు అంకెలు రాయడం ఇష్టం లేదు. నా జీతం వంద అనుకోండి. ఇంటి రుణానికి 30, ఇంటి ఖర్చులకు 40 (ఇందులో కరెంటు బిల్లు 6), అబ్బాయి చదువుకు, అమ్మ మందులకు కలిపి 12, స్కూటర్‌కు 7 (ఇంకా 20 నెలలు), క్రెడిట్ కార్డు వాయిదాలకు 6 (ఇంకా 10 నెలలు) పోగా 5 మిగులుతోంది. బ్యాంకులో 150 డిపాజిట్ ఉంది. ఇప్పుడు పైకప్పు మీద సోలార్ పలకలు పెట్టించాలనుకుంటున్నాం. మొత్తం 350 అవుతుంది. డిపాజిట్ తీసి 150 కట్టి, మిగతా 200 వ్యక్తిగత రుణంగా తీసుకుంటే మూడేళ్ల పాటు నెలకు 7 వాయిదా. కరెంటు బిల్లు 6 నుంచి 1కి దిగుతుంది. అంటే చేతి నుంచి పడేది నెలకు 2 మాత్రమే. ఆఫీసు వాళ్లు ఆరోగ్య బీమా ఇస్తున్నారు కాబట్టి ఈ ఏడాది సొంత పాలసీ కట్టలేదు. రాయితీ శనివారం వరకే అంటున్నారు. ముందుకు వెళ్లమంటారా?

జవాబు: వద్దు. కనీసం ఈ డబ్బుతో వద్దు.

ఇలాంటి ప్రశ్నలు నాకు తరచూ వస్తుంటాయి. వాటిలో మీ ఉత్తరాన్నే ఎంచుకోవడానికి కారణం, మీ కూడికలు తీసివేతలు సరిగ్గా ఉండటమే. 7 కట్టి 5 ఆదా చేస్తారు. తేడా 2. ఎవరు చూసినా బాగుందనే అంటారు. ఆ బాగుండటమే ప్రమాదం. లెక్క తప్పితే ఎవరో ఒకరు పట్టుకుంటారు. సరిగ్గా ఉన్న లెక్కలో ఒక గడి ఖాళీగా వదిలేస్తే ఎవరికీ కనిపించదు. మీరు వదిలేసిన గడి, జీతం రాని నెల.

దాన్ని నింపి చూద్దాం. సోలార్ తీసుకున్నాక మీ వాయిదాలు ఇవి: ఇంటికి 30, స్కూటర్‌కు 7, కార్డుకు 6, సోలార్‌కు 7. మొత్తం 50. స్టవ్ వెలిగించకముందే, అమ్మకు ఒక్క మాత్ర కొనకముందే, సగం జీతం పరులది. అప్పటికి డిపాజిట్ సున్నా. నెలకు మిగిలేది 3. కార్డు, స్కూటర్ వాయిదాలు తీరాక ఆ డబ్బును కూడా ఆ 3కు కలిపినా, ఖాళీ చేసిన 150ని తిరిగి పోగేయడానికి 22 నెలలు పడుతుంది. రెండేళ్లకు రెండు నెలలే తక్కువ. ఇంటి రుణం ఉన్న మనిషి, ఎదిగే పిల్లాడు, పెద్దావిడ ఉన్న ఇల్లు, దాదాపు రెండేళ్లు ఏ దెబ్బా తగలదని నమ్మి కూర్చోవాలి. నేను నమ్మను.

ఉద్యోగమే పోనక్కరలేదు. జీతం నెల ఆలస్యమైనా చాలు. అప్పుడు ముందుగా వాయిదా తప్పేది కార్డుకే. నెలకు మూడు శాతం వడ్డీ అంటే వినడానికి ముద్దుగా ఉంటుంది. చక్రవడ్డీ వేసి చూస్తే ఏడాదికి 42 శాతం దాటుతుంది. పైగా ఆలస్య రుసుము. అది తీర్చడానికి ఇంకో వ్యక్తిగత రుణం, దాని వాయిదా కోసం ఇంకో కార్డు. ఈ మెట్లు దిగినవాళ్లను చాలామందిని చూశాను. ఎవరూ దురలవాట్ల వల్ల దిగలేదు. మంచి వస్తువులు కొనే దిగారు.

ఒక జంట సంగతి చెబుతాను. పెట్రోలు కారు అమ్మేసి, ఉన్నదంతా ముందుగా కట్టి, అప్పు మీద విద్యుత్ కారు కొన్నారు. ఏడో నెలలో ఆయన ఉద్యోగం పోయింది. వాయిదాలు ఆగాయి, అప్పిచ్చినవాళ్లు కారు పట్టుకుపోయారు. కొత్త ఉద్యోగం ఊరికి దూరంగా దొరికింది. బండి లేకపోతే కుదరదు, చేతిలో డబ్బు లేదు. చివరికి ఆయన కొన్నది, స్టార్ట్ చేస్తే వెనక నల్లగా పొగ కమ్మే పాత డీజిల్ కారు. గాలి బాగుండాలని మొదలుపెట్టిన మనిషి అక్కడికి చేరడానికి కారణం ఆశయంలో లోపం కాదు. ఆరు నెలల ఖర్చు పక్కన లేకపోవడమే.

అందుకే మళ్లీ మళ్లీ అదే మాట చెబుతుంటాను, విసుగొచ్చినా సరే: అత్యవసర నిధి, అత్యవసర నిధి. మీ ఇంటికి ఎంత కావాలో చూడండి. ఇంటి ఖర్చులను అత్యవసరాలకు కుదిస్తే 30, ఇంటి రుణం 30, చదువు, మందులు 12, ఇప్పుడున్న రెండు వాయిదాలు 13. మొత్తం 85. ఆరు నెలలకు 510. మీ దగ్గర ఉన్నది 150. అది రెండు నెలలకు కూడా చాలదు. ఆ మిగిలిన కాస్తనూ తీసి పైకప్పు మీద పెడతానంటున్నారు. పలకలు ఎండలో కరెంటు ఇస్తాయి, నిజమే. ఆస్పత్రి కౌంటర్‌లో అవి చెల్లవు.

ఆ మాట వచ్చింది కాబట్టి బీమా సంగతి: ఆఫీసు ఇచ్చే కవరు ఉద్యోగంతోనే పోతుంది. అంటే జీతమూ బీమా ఒకే రోజు ఆగుతాయి. వదిలేసిన సొంత పాలసీని తిరిగి పునరుద్ధరించే వీలుందేమో ఈ వారమే అడగండి. లేకపోతే కొత్తది తీసుకోండి. దీని మీద చర్చ లేదు.

ఇక మీరు నిజంగా అడగాల్సి ఉండి అడగనిది. ‘చిన్న మార్పులతో మొదలుపెట్టాం’ అన్నారు. కానీ మీ జాబితాలో చార్జర్లు తీయడం తప్ప మిగతావన్నీ కొనుగోళ్లే. సంచి కొన్నారు, సీసా కొన్నారు, ఫ్రిజ్ కొన్నారు. మార్పు అంటే మానేయడమో, తగ్గించడమో, ఉన్నదాన్నే ఎక్కువ కాలం వాడటమో కావచ్చని మీకు ఎవరూ చెప్పినట్టు లేరు. చెబితే వాళ్లకు అమ్మకం జరగదు మరి.

గుడ్డ సంచుల సంగతే చూడండి. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో సంచుల మీద ఒక అధ్యయనం ప్రచురించింది. మామూలు నూలు సంచి పల్చటి ప్లాస్టిక్ సంచి కన్నా మేలనిపించుకోవాలంటే, వాతావరణ మార్పు ఒక్కటే లెక్కలోకి తీసుకున్నా కనీసం 52 సార్లు వాడాలి. నీటి వాడకం, ఓజోన్ పొర వంటి మిగతా కొలమానాలన్నీ కలిపితే 7,100 సార్లు. ఒక సంచిని వారానికి రెండుసార్లు వాడితే 52 సార్లు ఆరు నెలల్లో పూర్తవుతాయి, మంచిదే. డజను సంచులను మార్చి మార్చి వాడితే అదే ఆరేళ్లవుతుంది. రెండు ఉంచుకోండి. మిగతావి సంచి లేనివాళ్లకు ఇచ్చేయండి. నేను విసుక్కుంటున్నానని అనుకోకండి. మా ఇంట్లో తలుపు వెనక కొక్కేనికి తొమ్మిది వేలాడుతున్నాయి, ఒక్కటి కూడా అవసరమై కొన్నది కాదు.

చార్జర్లకు వస్తే, ఇప్పటి మంచి చార్జర్‌ను ఏడాదంతా ప్లగ్‌లో ఊరికే వదిలేసినా ఒక యూనిట్ దాటదు. ఫోను బ్యాటరీ ఒకసారి నిండటానికి యూనిట్‌లో దాదాపు యాభయ్యో వంతు చాలు. అదే ఇరవై లీటర్ల నీళ్లను పాతిక డిగ్రీలు వేడి చేయడానికి 0.58 యూనిట్ కావాలి. ఒకరి స్నానానికి వేడి చేసిన నీళ్లతో నెల రోజులు ఫోను చార్జ్ చేసుకోవచ్చన్నమాట. మీ ఉత్తరంలో వేడినీళ్ల ఊసే లేదు. ఖర్చంతా అక్కడుంది. స్నానం రెండు నిమిషాలు తగ్గించండి. హీటర్ స్విచ్ అవసరానికి ముందు వేసి, కాగానే తీసేయండి. బట్టలు చన్నీళ్లతో ఉతకండి. వేడినీళ్ల ఉతుకులో కరెంటు చాలా వరకు నీళ్లు కాగడానికే పోతుంది, డ్రమ్ తిరగడానికి కాదు. వేడినీళ్లకు చన్నీళ్లు తోడంటారే, ఇక్కడ అక్షరాలా అదే.

వెనక గదిలోని ఫ్రిజ్. ఉత్తరం చదువుతూ పెన్ను కింద పెట్టింది ఇక్కడే. కరెంటు తగ్గించడానికని అప్పు చేసి కొత్తది తెచ్చి, పాతదాన్ని కూడా నడుపుతుంటే తగ్గేది ఏమిటి? రోజుకు ఒక్క యూనిట్ అనుకున్నా ఏడాదికి 365 యూనిట్లు. పాతవి, తలుపు రబ్బరు వదులైనవి ఇంకా ఎక్కువే లాగుతాయి. తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూసి లాగి చూడండి, తేలిగ్గా ఊడి వస్తే రబ్బరు పోయినట్టే. ఆ పరీక్ష కొత్త ఫ్రిజ్‌కు కూడా ఏడాదికోసారి చేయండి. పాతదాన్ని మాత్రం తుక్కువాళ్లకు వేయకండి. చాలా పాత ఫ్రిజ్‌లలో ఉండే వాయువు బయటికి వదిలితే, కిలోకు కిలో బొగ్గుపులుసు వాయువు కన్నా వెయ్యి రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. గొట్టం నరికితే అది గాల్లోకి పోతుంది. ఆ వాయువును తీసి నిల్వచేసే ఈ-వ్యర్థాల కేంద్రానికే ఇవ్వండి.

వంటింట్లో పారేసేది ఇంకో పెద్ద పద్దు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో వృథా అయిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం ఇళ్లలోనిదే, హోటళ్లది కాదు. చెత్తగుట్టల కింద గాలి ఆడక కుళ్లే తిండి నుంచి మీథేన్ వస్తుంది. ఒక వారం పాటు పారేసిన ప్రతిదాన్నీ ఫ్రిజ్ తలుపుకు అంటించిన కాగితం మీద రాయండి. ఏమిటి, ఎంత, ఎందుకు. ఎవరినీ తిట్టవద్దు, ఊరికే రాయండి. రెండో వారానికి మీ కొనుగోలు చీటీ దానంతటదే పొట్టిదవుతుంది. సరుకులకు వెళ్లే ముందు ఫ్రిజ్ తెరిచి వెనక అర చూడటం అన్నిటికన్నా చౌకైన మార్పు.

మిగతావి చకచకా: గదిని చల్లబరిచే యంత్రాన్ని ఒకటి రెండు డిగ్రీలు పైన పెట్టి ఫ్యాను వేసుకోండి, దాని వడపోత జాలి కడగండి. 60 వాట్ల పాత బల్బు ఇంకా ఎక్కడైనా ఉంటే అంతే వెలుతురు ఇచ్చే 9 వాట్ల ఎల్‌ఈడీ వేయండి. స్కూటర్ టైర్లలో గాలి చూసుకోండి. విమాన ప్రయాణం ఒకటి మానుకుంటే ఏడాది పొడవునా సంచులతో పడ్డ పాట్ల కన్నా ఎక్కువే ఒరుగుతుంది.

వీటిలో చాలావాటికి చేతి నుంచి పైసా పడదు. నా అంచనాలో మీ కరెంటు బిల్లు 6 నుంచి 4కు, ఇంటి ఖర్చులో ఇంకో 3 తగ్గుతాయి. ఇప్పుడు మిగిలే 5తో కలిపి నెలకు 10. ఇక్కడ ఒక జాగ్రత్త. ఆదా అయిన డబ్బు చేతిలో ఆడితే ఇంకేదో కొంటాం, లేదా ఎలాగూ ఆదా అవుతోంది కదా అని అదే వస్తువును ఇంకాస్త ఎక్కువ వాడతాం. బొగ్గును పొదుపుగా వాడే యంత్రాలు వచ్చినకొద్దీ బొగ్గు వాడకం పెరుగుతోందని ఇంగ్లండ్ ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ 1865లోనే గమనించారు. మీ రెండో ఫ్రిజ్ ఆయనకు చక్కగా అర్థమయ్యేది. కాబట్టి ఆ 10 జీతం పడిన రోజే డిపాజిట్‌కు వెళ్లిపోవాలి. నెలాఖరున ఎంత మిగిలితే అంత అనుకుంటే ఏమీ మిగలదు.

అప్పుడు ఏమవుతుందో చూడండి. మొదటి పది నెలల్లో 100 చేరుతుంది. అక్కడ కార్డు వాయిదాలు ముగుస్తాయి, ఆ 6ను కూడా కలిపితే నెలకు 16. ఇంకో పది నెలల్లో 160. ఇప్పుడున్న 150తో కలిపి 410. ఇరవయ్యో నెలతో స్కూటర్ అప్పూ తీరుతుంది. రెండు వాయిదాలూ పోయాక మీ నెల అవసరం 85 కాదు, 72. ఆరు నెలలకు 432 చాలు. ఇరవై ఒకటో నెలలో 23 వేస్తే 433. అయిపోయింది. అప్పు చేసి సోలార్ పెట్టుకుంటే ఖాళీ చేసిన 150ని తిరిగి చేర్చడానికే 22 నెలలు పట్టేది. ఇక్కడ 21 నెలల్లో ఆరు నెలల నిధి మొత్తం చేతిలో ఉంటుంది.

ఇరవై రెండో నెల నుంచి ఆ 23ను వేరే ఖాతాలో సోలార్ కోసం దాచండి. ఏడాదిన్నర కన్నా తక్కువలోనే 350 చేరుతుంది. వడ్డీగా పోవాల్సిన 52 మీ దగ్గరే ఉంటుంది. ఇరవై అయిదేళ్లు నిలిచే వస్తువును మూడేళ్లు ఆలస్యంగా కొంటే కొంపేమీ మునగదు. పైగా పొదుపుగా వాడటం అలవాటైన ఇంటికి ఇంత పెద్ద ఏర్పాటు అక్కరలేకపోవచ్చు కూడా.

శనివారం వరకే రాయితీ అన్న ఆయనకు ఫోను చేసి ఇప్పుడు కాదని చెప్పండి. ముందస్తుగా ఏదైనా కట్టి ఉంటే వెనక్కి అడగండి. ఆ ఫోను పెట్టేశాక వెనక గదిలోకి వెళ్లి ఫ్రిజ్ ప్లగ్ తీయండి. మంచు కరుగుతుంది, కింద ఒక పాత గుడ్డ పరచడం మర్చిపోవద్దు.