మెదడు స్కాన్‌లతో అల్జీమర్స్ పరిశోధన: ఈసీఈ విద్యార్థికి ఏ దారి?

ప్రశ్న: బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్నెట్‌లో దొరికిన ఎంఆర్ఐ చిత్రాలతో అల్జీమర్స్‌ను గుర్తించే ప్రాజెక్టు చేస్తే 98 శాతం కచ్చితత్వం వచ్చింది. ఈ రంగంలోనే స్థిరపడాలని ఉంది. ఎంటెక్ చేయాలా, నేరుగా ఉద్యోగంలో చేరాలా?

జవాబు: ముందు ఆ 98 శాతం సంగతి చూడాలి. ఒక్కొక్కరి ఎంఆర్ఐలో పొరలు పొరలుగా ఎన్నో చిత్రాలుంటాయి. అన్నిటినీ కలిపేసి కొన్నింటిని శిక్షణకు, కొన్నింటిని పరీక్షకు కేటాయిస్తే ఒకే వ్యక్తి మెదడు రెండు చోట్లా చేరుతుంది. అప్పుడు మీ ప్రోగ్రామ్ వ్యాధిని వదిలేసి మనిషినే గుర్తుపడుతుంది. పేరున్న పత్రికల్లో వచ్చిన పరిశోధనల్లోనూ ఈ లోపం బయటపడింది కాబట్టి చిన్నబుచ్చుకోనక్కర్లేదు గానీ, రోగులవారీగా విడదీసి మళ్లీ పరీక్షించే వరకు ఆ అంకెను రెజ్యూమెలో రాయకండి.

ఏ స్కాన్ ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో తెలిసిన ఇంజినీర్లు ఈ రంగానికి కావాలి. జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్ కుంచించుకుపోవడం ఎంఆర్ఐలో కనిపిస్తుంది, కానీ వయసు పైబడినా, మరికొన్ని జబ్బులు వచ్చినా అది కుంచించుకుపోతుంది. అల్జీమర్స్ రోగుల మెదడులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకోవడాన్ని, వారు బతికుండగానే, రేడియోధార్మిక పదార్థం ఎక్కించి తీసే పెట్ స్కాన్‌తో చూడవచ్చని 2004లో పిట్స్‌బర్గ్, ఉప్సాలా శాస్త్రవేత్తలు ప్రచురించారు. ఆ శాస్త్రవేత్తలు వాడిన రేడియోధార్మిక కార్బన్-11 అర్ధాయువు 20 నిమిషాలే కావడంతో, దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం దగ్గర్లో ఉన్న ఆసుపత్రులకే అది అందేది. 110 నిమిషాల అర్ధాయువు గల ఫ్లోరిన్-18తో తయారైన ఫ్లోర్‌బెటాపిర్ అనే స్కాన్ పదార్థానికి 2012లో అమెరికాలో అనుమతి వచ్చాక ఆ ఇబ్బంది తగ్గింది. అయినా మతిమరుపు ఏమాత్రం లేని వృద్ధుల్లోనూ అమిలాయిడ్ కనిపిస్తుంది కనుక, వైద్యులు జ్ఞాపకశక్తి పరీక్షలను, కుటుంబసభ్యులు చెప్పే వివరాలను స్కాన్‌తో కలిపి చూసి గాని నిర్ధారణకు రారు. పైగా 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ వంటి అల్జీమర్స్ మందులు వాడేవారికి మెదడులో వాపు, రక్తస్రావం లేవని చూసేందుకు పదేపదే ఎంఆర్ఐ తీయాల్సివస్తోంది. ఇమేజింగ్ నిపుణుల అవసరం పెరగడానికి ఇదీ ఒక కారణం.

అందుచేత, మీరు పరిశోధన ప్రధానమైన ఎంఎస్ లేదా ఎంటెక్ చేయడమే మేలని నా అభిప్రాయం. వైద్య పరికరాల కంపెనీల్లో ఇప్పుడే చేరితే స్కాన్ నాణ్యత, సాఫ్ట్‌వేర్ పరీక్షల వంటి పనులు దొరకవచ్చు. అవి మంచి ఉద్యోగాలే, కానీ అల్జీమర్స్‌పై నేరుగా పనిచేసే అవకాశం అక్కడ తక్కువ. గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్ ఇంజినీరింగ్ పేపర్ ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో ఈ విభాగం ఉంది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ ప్రవేశాలకు పీజీఈఈ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. పాశ్చాత్యుల మెదళ్ల ఆధారంగా తయారైన నమూనాలు మనవాళ్లకు సరిగా అమరడం లేదని గుర్తించి, 100 మంది భారతీయుల స్కాన్‌లతో మెదడు అట్లాస్‌ను 2019లో వెలువరించింది ఈ సంస్థే. విదేశీ చిత్రాలపై నేర్చుకున్న మీ ప్రోగ్రామ్ మన రోగుల విషయంలో ఎక్కడ తడబడుతుందన్నది మీరు ఎత్తుకోదగిన ప్రశ్న.

ఈ ఏడాది డీప్ లెర్నింగ్ కోర్సులు ఇంకా పోగేయడం మాని, గణాంకశాస్త్రం గట్టిగా చదవండి. మెదడు స్కాన్‌లను విశ్లేషించేందుకు ఉచితంగా దొరికే ఫ్రీసర్ఫర్, ఎస్‌పీఎం సాఫ్ట్‌వేర్లపై చేయి తిరిగేలా సాధన చేయండి. 2004లో అమెరికాలో మొదలైన ఏడీఎన్ఐ అనే అల్జీమర్స్ పరిశోధన ప్రాజెక్టు సమాచార భాండారం దరఖాస్తు చేసుకున్న పరిశోధకులకు ఉచితంగా అందుతుంది. ఏ విశ్లేషణ చేయదలచారో దరఖాస్తులో రాయాలి కాబట్టి మీ ప్రొఫెసర్‌తో కూర్చుని ఆ నాలుగు వాక్యాలు ముందే సిద్ధం చేసుకోండి.