ఘాట్‌లో నడిపి చూశాకే డబ్బు కట్టు, అల్లుడూ

అల్లుడూ,

నువ్వు ఫోన్ పెట్టేశాక రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. మహీంద్రా డీజిల్ స్కార్పియో-ఎన్ కొనాలా, స్కోడా వాళ్ళ పెట్రోలు కుషాక్ కొనాలా అని అడిగావు. ఫోన్‌లో ఏదో ఒకటి అనేస్తే అదే పట్టుకుని బుక్ చేసేస్తావని భయం వేసి, తీరిగ్గా రాస్తాలే అన్నాను. ముప్ఫై ఏళ్ళు మన ఒడిశాలో రాయగడ చుట్టుపక్కల డీజిల్ బళ్ళే తిప్పినవాణ్ణి, మొదట జీపు, తర్వాత సుమో, ఆ తర్వాత రెండు బొలెరోలు, కాబట్టి మావయ్య డీజిలే కొనమంటాడని మీ ఇంట్లో అందరూ అనుకుంటున్నారట. నేను అలా అనడం లేదు. నీకు కుషాకే సరిపోతుంది. ఎందుకో రాస్తాను, మొత్తం చదువు.

ముందు నీ బండి రోజూ ఎక్కడెక్కడికి వెళ్తుందో చూద్దాం. సునాబెడలో క్వార్టర్స్ నుంచి పనికి నాలుగు కిలోమీటర్లు, మళ్ళీ వెనక్కి నాలుగు, మధ్యలో పిల్లల్ని స్కూలు దగ్గర దింపడం, వారానికోసారి సెమిలిగుడ బజారు. నెలకు రెండుసార్లు బొబ్బిలి, రానూపోనూ రెండు వందల చిల్లర. ఎంత లాగినా నెలకు 700 కిలోమీటర్లు దాటదు, అంటే ఏడాదికి 8,400. ఇప్పుడు లెక్క చూడు. ఒకే సైజు బండిలో పెట్రోలు కంటే డీజిలుకు లక్షన్నర ఎక్కువ పెట్టాలనుకో. లెక్క సులువుగా ఉండడానికి లీటరు పెట్రోలు 100 రూపాయలు, డీజిలు 92 అనుకుందాం. పెట్రోలు బండి లీటరుకు 13, డీజిల్ బండి 15 ఇస్తే కిలోమీటరుకు మిగిలేది సుమారు రూపాయీ 56 పైసలు. ఆ లెక్కన లక్షన్నర తిరిగి చేతికి రావాలంటే దాదాపు 96 వేల కిలోమీటర్లు తిరగాలి. నీ తిరుగుడుకి పదకొండేళ్ళు దాటుతుంది. నేను బిస్సంకటక్, మునిగుడ, కాశీపూర్ అంటూ నెలకు 2,500 తిప్పిన రోజుల్లో అయితే ఆ డబ్బు మూడేళ్ళ పైన కొద్ది నెలలకే వచ్చేసేది. డీజిల్ లాభం అని మన పెద్దవాళ్ళు చెప్పేది అబద్ధం కాదు, కానీ అది వాళ్ళ తిరుగుడుకి వచ్చిన లాభం.

డబ్బు సంగతి వదిలెయ్, దానికంటే పెద్దది ఇంకోటుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి మనకు బీఎస్-6 అనే పొగ నిబంధన వచ్చింది కదా, అప్పటినుంచి డీజిల్ కార్ల పొగ గొట్టంలో ఒక ఫిల్టర్ ఉంటోంది, షెడ్డువాళ్ళు డీపీఎఫ్ అంటారు. పొగలో ఉండే మసిని అది పట్టి ఉంచుతుంది. పట్టిన మసి నిండిపోకముందే కాలిపోవాలి, అది కాలాలంటే పొగ బాగా వేడెక్కాలి, అంటే బండి రోడ్డు మీద ఓ పదిహేను ఇరవై నిమిషాలు అరవై పైన నిలకడగా పరుగెత్తాలి. నాలుగు కిలోమీటర్లు వెళ్ళి ఆపేసే బండికి ఆ అవకాశమే రాదు. పాత జీపుకి ఈ బాధ లేదు, నల్లగా పొగ వదిలేసి హాయిగా తిరిగేది, అందుకే మా తరం వాళ్ళకి ఈ విషయం తట్టదు.

నాకు ఎలా తెలిసిందో చెప్తాను. ట్రిప్పులు మానేశాక 2021లో ఇంటి కోసం ఒక డీజిల్ బండి కొన్నాను, ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. అలవాటు కొద్దీ డీజిలే అన్నాను, ఇంకో ఆలోచన కూడా చెయ్యలేదు. తీరా దాని పని ఏమిటి? కూరగాయల బజారు, మజ్జిగౌరమ్మ గుడి, స్టేషను, మళ్ళీ ఇల్లు. ఎనిమిది నెలలు తిరక్కుండానే డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది. మొదటిసారి కూనేరు దాటి పార్వతీపురం దాకా ఆపకుండా వెళ్ళి వస్తే ఆరిపోయింది. రెండోసారి పెళ్ళి పనుల్లో పడి పట్టించుకోలేదు. మూడు రోజులకి తెరుబలి దగ్గర బండి లాగడం మానేసింది, ఆక్సిలరేటర్ ఎంత తొక్కినా నలభై దాటదు, వెనక లారీవాడు హారను మీద చెయ్యి తియ్యడం లేదు, పక్కన మీ అత్తయ్య దేవుణ్ణి తలుచుకుంటోంది. మర్నాడు బానెట్ ఎత్తి ఆయిల్ పుల్ల తీసి చూశాను. ఆయిలు పై గీత దాటి వేలెడు ఎత్తున ఉంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ వాసన. మసిని కాల్చడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ చల్లుతుంది, మధ్యలో మనం ఆపేస్తే అందులో కొంత కిందకి దిగి ఆయిల్లో కలుస్తుంది. అలా పలచబడ్డ ఆయిలుతో నడిపితే ఇంజిన్‌కే చేటు. ఆయిలు మార్పించి, ఫిల్టర్ శుభ్రం చేయించి బయటపడ్డాను. తప్పు బండిది కాదు, నాది. అదే తప్పు నువ్వు చెయ్యకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇప్పుడు ఘాట్ సంగతి. ఆంధ్రాలో సాలూరు నుంచి సుంకి మీదుగా పొట్టంగి ఎక్కే ఆ రోడ్డు నాకు అరచేతి గీతలంత తెలుసు. ‘ఘాట్ రోడ్డుకి పెద్ద డీజిల్ బండే’ అని నీకు చెప్పినవాళ్ళు ఎక్కడం ఒక్కటే ఆలోచిస్తున్నారు. ఎక్కడానికి స్కార్పియో-ఎన్‌కి తిరుగులేదు, ఒప్పుకుంటాను. 2.2 లీటర్ల ఇంజిన్, పై మోడళ్ళలో 175 పీఎస్ శక్తి, మాన్యువల్ గేరుకి 370 ఎన్ఎం టార్కు, అంటే లాగే బలం, ఏడుగురిని ఎక్కించినా మూడో గేరులో మెత్తగా లాగేస్తుంది. కుషాక్ 1.5 టర్బోకి 150 పీఎస్, 250 ఎన్ఎం. నలుగురికీ రెండు బ్యాగులకీ అది చాలదా? చాలు, ఇంకా మిగులుతుంది కూడా. సునాబెడ లాంటి ఎత్తులో మామూలు పెట్రోలు ఇంజిన్‌కి గాలి పలచనై కాస్త ఊపు తగ్గుతుంది గానీ గాలిని ఒత్తి లోపలికి పంపే టర్బో ఉన్నదానికి ఆ లోటు పెద్దగా తెలియదు.

కానీ మలుపుల్లో ఉంది అసలు తేడా. స్కార్పియో-ఎన్ లాడర్ ఛాసిస్ బండి, లారీలాగా కింద ఫ్రేము, దాని మీద బాడీ. ఎత్తు 1,857 మిల్లీమీటర్లు. కుషాక్‌లో బాడీ, ఛాసిస్ ఒకటే ముద్ద, ఎత్తు 1,612. ఒక జానెడు కంటే ఎక్కువే తేడా. హెయిర్‌పిన్ మలుపులో తిప్పితే ఎత్తు బండి బయటికి ఒరుగుతుంది, మళ్ళీ ఇటు ఒరుగుతుంది, స్టీరింగ్ పట్టుకున్నవాడికి తెలియదు, వెనక కూర్చున్నవాళ్ళకి కడుపులో తిప్పుతుంది. పైగా వెడల్పు 1,917, కుషాక్‌ది 1,760. ఎదురుగా లోడు లారీ దిగుతున్నప్పుడు ఆ ఆరంగుళాల వెడల్పు ఎంత విలువైందో నీకు నేను చెప్పక్కర్లేదు.

మొన్న సంక్రాంతికి మీ అమ్మని సాలూరులో నా స్నేహితుడి ఎత్తు బండి ఎక్కించాను. అక్క మోకాళ్ళ సంగతి తెలుసు కదా. ఒక చేత్తో పైన హ్యాండిల్ పట్టుకుంది, ఇంకో చేత్తో తన కుడి కాలిని తానే ఎత్తి మెట్టు మీద పెట్టుకుంది, పెట్టాక పైకి లేవలేక అలాగే ఆగిపోయింది. నేను వెనక నుంచి భుజం ఆనించి లేపాను. చీర కుచ్చెళ్ళు మెట్టుకి తట్టుకుని నలిగాయి. లోపల కూర్చున్నాక ‘ఏం లేదురా తమ్ముడూ, అలవాటవుతుంది’ అంది గానీ సుంకి దాకా నోరు విప్పలేదు. పొట్టంగి దగ్గర ఆపమంది, దిగి వాంతి చేసుకుంది. నెలకు రెండుసార్లు నువ్వు తీసుకెళ్ళేది ఆవిణ్ణే. నీకు నడపడం ఇష్టం, చిన్నప్పుడు నా జీపు స్టీరింగ్ వదిలేవాడివి కాదు, మలుపులో చెప్పిన మాట వినే బండి నీకు కావాలనిపించడం తప్పేమీ కాదు. నడిపేవాడికి హాయిగా ఉండే బండే వెనక కూర్చున్న మీ అమ్మకీ హాయిగా ఉంటుంది, ఈ రోడ్డు మీద రెండూ ఒకటే. ‘సంసారికి సరదా బండి ఎందుకు’ అని మీ మామగారు అంటే ఆ మాట ఆయనకి చెప్పు.

మన రోడ్లకి గ్రౌండ్ క్లియరెన్స్ కావాలి అంటావేమో. కాగితం మీద స్కార్పియో-ఎన్‌ది 187 మిల్లీమీటర్లు, కుషాక్‌ది ఖాళీగా ఉన్నప్పుడు 188. అందరూ ఎక్కితే కుషాక్ కాస్త కుంగుతుంది, స్పీడ్ బ్రేకర్ల దగ్గర నెమ్మదించు, అంతే. లక్ష్మీపూర్ వైపు లోపలి ఊళ్ళకి వానాకాలంలో మట్టిదారి పట్టి వెళ్ళేవాడికైతే ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న స్కార్పియోనే కొనమనేవాణ్ణి. నీ దారి చాలావరకు నేషనల్ హైవే 26, ఎక్కడా మట్టి లేదు.

పిల్లల సంగతి ఒకటి తప్పకుండా చూడు. గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు 2022లో రెండింటినీ గుద్ది పరీక్షించారు. పెద్దవాళ్ళ రక్షణకి రెండింటికీ 5 స్టార్లు వచ్చాయి. పిల్లల రక్షణకి కుషాక్‌కి 5, స్కార్పియో-ఎన్‌కి 3. పాపకి ఇంకా మూడేళ్ళే, వెనక సీటుకి ఐసోఫిక్స్ కొక్కేలుంటాయి, చైల్డ్ సీటు కొని వాటికి బిగించు. ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే సరిపోతుందని అక్క అంటుంది, ఈ ఒక్క విషయంలో ఆవిడ మాట వినొద్దు.

కుషాక్‌లో నాకు నచ్చనిది సర్వీసు సంగతి. మహీంద్రా బండికి పని తెలిసిన మెకానిక్ ఈ చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా దొరుకుతాడు, రాత్రి పది గంటలకి కూడా లేపొచ్చు. స్కోడాకి అలా ఉండదు. బుక్ చేసే ముందు నీకు దగ్గర్లో ఉన్న సర్వీసు సెంటరుకి నువ్వే ఫోన్ చెయ్యి, సేల్స్ కుర్రాడి మాట నమ్మకు. క్లచ్ ప్లేటు, ముందు బంపరు, బ్రేక్ ప్యాడ్లు ఎన్ని రోజుల్లో వస్తాయో అడిగి కాగితం మీద రాసుకో. వారంటీ పొడిగింపు తీసుకో. ఆటోమేటిక్ కావాలంటే అది రెండు క్లచ్‌లతో గేర్లు మార్చే డ్యుయల్ క్లచ్చా, ఆయిలు ద్వారా శక్తిని అందించే టార్క్ కన్వర్టరా అని కనుక్కో. ఘాట్‌లో లారీ వెనక అంగుళం అంగుళం పాకే చోట డ్రై డ్యుయల్ క్లచ్ వేడెక్కుతుంది, అలాంటి చోట బ్రేకు మీద నిలిపి, ముందు జాగా వచ్చాకే కదిలించాలి. ఆ ఓపిక లేకపోతే టార్క్ కన్వర్టరో, మాన్యువలో తీసుకో.

ధర దగ్గర ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి కార్ల జీఎస్టీ మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటనివాటికి 18 శాతం, మిగతావాటికి 40. నువ్వు చూస్తున్న రెండూ నాలుగు మీటర్లు దాటినవే, రెండూ 40 కిందకే వస్తాయి. బడ్జెట్ బిగుతుగా ఉంటే స్కోడాదే చిన్నది కైలాక్ ఉంది, అది 18 శాతంలోకి వస్తుంది, అదీ ఒకసారి చూడు, లోను తక్కువవుతుంది.

రిజిస్ట్రేషన్ కొరాపుట్‌లోనే చేయించు, ఓడీ-10 నంబరు. విశాఖలో కొంటే తక్కువకి వస్తుందని అక్కడి నంబరు వేయించుకోవద్దు. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే మళ్ళీ రిజిస్టర్ చేయించాలి, ఎన్ఓసీ కోసం, ట్యాక్సు వాపసు కోసం తిరిగిన తిరుగుడు నాకు తెలుసు. పెట్రోలు కూడా ఇటువైపే కొట్టించుకుని ఘాట్ దిగు, సాలూరులో లీటరు రేటు మనకంటే ఎక్కువ.

ఇంక మిగిలింది నడిపి చూడడం. షోరూము ముందు రెండు వీధులు తిప్పి దిగిపోతే అది చూసినట్టు కాదు. జయపురం నుంచి కొరాపుట్ ఎక్కే ఘాట్ ఉంది కదా, అక్కడికి తీసుకెళ్తానని గట్టిగా అడుగు, ఒప్పుకోకపోతే తెలిసినవాళ్ళ బండి అడుగుదాం. రెండు బళ్ళూ ఒకే రోజు, ఒకే రోడ్డు మీద, నలుగురితో. ఎక్కేటప్పుడు ఏ గేరులో లాగిందో గుర్తుపెట్టుకుని దిగేటప్పుడు అదే గేరులో దిగు, బ్రేకు ఎన్నిసార్లు తొక్కాల్సి వచ్చిందో చూడు, కిందకి వచ్చాక చక్రాల దగ్గర మాడు వాసన వస్తోందేమో చూడు. నువ్వు ఒక్కసారి వెనక సీట్లో కూర్చో, కోడల్ని నడపమను.

అక్కని తప్పకుండా తీసుకురా. రెండు బళ్ళూ ఆవిడే ఎక్కి దిగాలి, నువ్వు చెయ్యి అందించకుండా పక్కన నిలబడి చూడు. తేదీ ఖాయం చేసి ముందు రోజు ఫోన్ చెయ్యి, నేను రాయగడ నుంచి పొద్దున్నే బయలుదేరి కొరాపుట్ వచ్చేస్తాను.

ఆశీస్సులతో,
మావయ్య