హీటరు కొనే ముందు మూత ఎత్తి చూడు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

రాచెస్టర్‌లో ఇల్లు కొన్నప్పుడు వెనక డెక్కు (చెక్క అరుగు) మీది హాట్ టబ్బు, అదే మనుషులు కూర్చునే వేడినీళ్ల తొట్టి, కూడా ఇంటితోపాటు వచ్చిందని రాశావు. నవంబరు దాకా బుద్ధిగా ఉన్నది ఇప్పుడు తెల్లవార్లూ హీటరు దీపం ఆర్పడం లేదనీ, మీరిద్దరూ అరగంట కూర్చుని లేచేసరికి నీళ్లు చల్లబడుతున్నాయనీ, కరెంటు బిల్లు చూసి కోడలు నీతో మాట్లాడడం మానేసిందనీ కూడా రాశావు. హీటరు బలం తగ్గిందేమోనని కొత్తది చూసి పెట్టుకున్నావట. ఆ ఆర్డరు ఒక వారం ఆపు.

నేను మినియాపొలిస్‌లో ఇరవై రెండు చలికాలాలు ఇలాంటి టబ్బును కాపాడుకుంటూ వచ్చాను. అంతకుముందు విజయవాడ థర్మల్ కేంద్రంలో బాయిలర్ల దగ్గర పనిచేశాను. వేడి చాలకపోతే అందరి చూపూ ముందు మంట మీదికే పోతుంది. హీటరు ముసలిదైనంత మాత్రాన నీరసపడదు నాయనా. లోపలి తీగ తెగితే అసలు వేడెక్కదు, తీగ పైతొడుగు పగిలి కరెంటు నీళ్లలోకి కారితే బ్రేకరు పడిపోతుంది. ఈ రెంటికీ మధ్య సగం సగం పనిచేయడమన్నది అరుదు. 240 వోల్టులు అందవలసిన చోట 120 అందితే మాత్రం వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. అది వైరింగులో తప్పు, నీ టబ్బు నవంబరు దాకా బాగానే ఉంది కాబట్టి దాన్ని పక్కన పెడదాం.

అనుమానం తీరాలంటే ఒక పరీక్ష చెయ్యి. లెక్కలు సెల్సియస్‌లో రాస్తున్నాను, నాకు అదే అలవాటు. నీ టబ్బులో సుమారు 1,500 లీటర్లు పడతాయనుకుందాం. అన్ని నీళ్లను ఒక డిగ్రీ పెంచడానికి దాదాపు 1.75 యూనిట్ల కరెంటు కావాలి. నీది 5.5 కిలోవాట్ల హీటరయితే గంటకు 3 డిగ్రీలు ఎక్కించగలదు. మూత బిగించి, గాలి మరలు (నీళ్లు చిమ్మే జెట్లలోకి బయటి గాలిని వదిలేవి) మూసి, థర్మామీటరుతో రెండు గంటలు చూడు. బయటి చలి కొంత మింగినా గంటకు 2 డిగ్రీలకు పైగా ఎక్కుతుంటే హీటరు నిక్షేపంలా ఉన్నట్టే. ఇక చూడవలసింది వేడి ఎటు పోతోందన్నది.

మా నాయనమ్మ పెరట్లో నీళ్ల కాగు కింద పుల్లలు ఎగదోసేది. మేము వేడి ఎంతయిందోనని మూత తీసి చూస్తే ఆమెకు ఎక్కడలేని కోపం వచ్చేది. పుల్లలు మండినంతసేపూ కాగిన వేడి ఒక్క క్షణంలో పొగై పోతుందని తిట్టేది. ఆమె భౌతికశాస్త్రం చదవలేదు కానీ లెక్క ఆమె పక్షానే ఉంది. ఒక్క లీటరు నీరు ఆవిరై పోయిందంటే దానితో మూడింట రెండు యూనిట్ల వేడి పోయినట్టు. రెండున్నర లీటర్లు ఆవిరైతే నీ టబ్బంతా ఒక డిగ్రీ దిగిపోతుంది. మైనస్ 20లో పొగలు కక్కుతున్న టబ్బు ఫోటోకు బాగుంటుంది, పోయేదంతా ఆ పొగలోనే పోతుంది.

కనుక ముందు మూత. ఒక్కడివే ఎత్తి చూడు. కొత్త మూత ఒక మనిషి ఎత్తగలిగేంత బరువే. నీ నడుము పట్టేసేలా ఉంటే లోపల నీళ్లు పట్టాయన్నమాట. లోపల ఉన్నది మనకు తెలిసిన థర్మోకోలే. దాన్ని పాలిథీన్ షీటులో చుట్టి పైన రెక్సిన్ తొడుగు కుడతారు. ఏళ్ల తరబడి కింది నుంచి ఆవిరి కొడుతుంటే షీటు ఎక్కడో చిరుగుతుంది, థర్మోకోల్ నీళ్లు తాగుతుంది. పొడి థర్మోకోల్ కంటే నీరు పదిహేను రెట్లకు పైగా వేగంగా వేడిని దాటిస్తుంది. అంటే నీ టబ్బు మీద ఉన్నది దుప్పటి కాదు, తడిగుడ్డ. కొందరు చిల్లులు పొడిచి ఎండబెట్టమని చెబుతారు. నేను ఒక వేసవి అంతా గరాజులో ఆరబెట్టి చూశాను, మా ఇల్లాలి సణుగుడు తప్ప ఏమీ ఆరలేదు. కొత్తది కొను. కొనేటప్పుడు మడత దగ్గర ఆవిరి ఆపే పట్టీ మధ్యలో తెగకుండా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఉందో లేదో అడుగు. మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా ఉన్నది తీసుకో, కరిగిన మంచు నిలవదు.

మూత తేలికగానే ఉంటే సందులు వెతకాలి. దానికి మంచు కంటే మంచి పరికరం లేదు. రాత్రి మంచు పడిన మర్నాడు పొద్దున్నే, ఊడ్చకముందే వెళ్లి చూడు. మూతంతా తెల్లగా ఉండి మడత పొడవునా నల్ల గీత కనబడితే అక్కడ కారుతోంది. మూలల్లో కరిగి మంచుబొట్లు వేలాడుతుంటే మూతను కిందికి కట్టే పట్టీలు వదులయ్యాయి, బిగించు. పట్టీల తాళాలు కూడా వెయ్యి, పక్కింటి పిల్లలు కంచె దాటి వస్తారని నువ్వే రాశావు. నీటి మీద తేలే బుడగల షీటు ఒకటి పరిస్తే ఆవిరి చాలావరకు అక్కడే ఆగిపోతుంది, మూత అడుగు కూడా ఎక్కువ కాలం నిలుస్తుంది. క్లోరిన్ మోతాదు ఎక్కువ వేసిన రోజున మాత్రం వెంటనే మూసేయకు. పావుగంట తెరిచి ఉంచు, లేకపోతే ఆ వాయువు మూత లోపలి పొరను తినేస్తుంది. మంచు తీయడానికి చీపురు వాడు, పార వద్దు.

గాలి మరల సంగతి చాలామందికి తెలియదు. జెట్లలో బుడగలు రావడానికి టబ్బు బయటి గాలిని పీల్చుకుంటుంది. జనవరిలో ఆ గాలి మైనస్ 20 దాకా ఉండవచ్చు. మీరు కూర్చున్న అరగంటలో నీళ్లు చల్లబడడానికి మూత తెరిచి ఉండడంతోపాటు ఇదీ ఒక కారణమే. చలికాలంలో ఆ మరలు మూసి పెట్టు. జెట్లు కొంచెం మెత్తబడతాయి, ఫరవాలేదు.

చుట్టూ ఉన్న పెట్టె తలుపు తీసి టార్చి వేసి చూడు. లోపలంతా ఫోము నింపి ఉంటే చేయవలసింది పెద్దగా లేదు. గోడలకు మాత్రమే ఫోము ఉండి మధ్యలో ఖాళీ ఉంటే, రేకు అంటించిన గట్టి ఫోము పలకలు తలుపుల లోపలి వైపు కోసి పెట్టవచ్చు. మోటారుకు గాలి ఆడనివ్వు, కంట్రోలు పెట్టెను కప్పకు. ఇళ్ల గోడల్లో నింపే గులాబీ రంగు గాజు దూది వద్దు. తడిస్తే వాసన, పొడిగా ఉంటే ఎలుకల పురుడు గది. మా టబ్బులో ఒక ఎలుక సంసారం రెండేళ్లు నా కరెంటుతో వెచ్చగా బతికి, పోతూ పోతూ సెన్సారు వైరు కొరికి పోయింది. సందుల్లో స్టీలు పీచు కుక్కు.

ఇప్పుడు మరమ్మతుల మాట. చలికాలంలో వేడి తగ్గడం కంటే గొట్టాల్లో నీళ్లు కదలకుండా ఆగడం ప్రమాదం. టబ్బులోని నీళ్లు గడ్డకట్టడానికి చాలా సమయం పడుతుంది, పంపులో, సన్నటి గొట్టాల్లో ఉన్నవి ముందు గడ్డకడతాయి. మంచైతే నీరు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, ప్లాస్టిక్ తట్టుకోలేదు. తెర మీద ప్రవాహం తక్కువని కోడు వస్తే కంగారు పడకుండా ఫిల్టరు బయటికి తీసి చూడు. తీయగానే కోడు పోతే దోషం ఫిల్టరుదే, ఇంట్లో వేడినీళ్లతో కడుగు. పోకపోతే నీటి మట్టం చూడు. అదీ సరిగ్గా ఉంటే పంపులో గాలి చేరి ఉండవచ్చు. బ్రేకరు ఆపి, పంపు దగ్గరి యూనియన్ (గొట్టాన్ని పంపుకు కలిపే పెద్ద నట్టు) కొద్దిగా వదులు చేస్తే బుస్సుమని గాలి పోతుంది. నీళ్లు కారగానే చేత్తో బిగించు. పానాతో బిగిస్తే చలికి పెళుసెక్కిన ప్లాస్టిక్ పగులుతుంది.

ఆ పగలడం నాకు అనుభవమే. ఒక జనవరి ఆదివారం పంపు సీలు చుక్క చుక్కగా కారుతుంటే, అరగంట పని కదా అని బ్రేకరు ఆపి కూర్చున్నాను. పానా వేసి ఒక్క పట్టు పట్టేసరికి యూనియన్ నట్టు రెండు ముక్కలయింది. ఆదివారం ఆ ముక్క ఊళ్లో దొరకలేదు. సాయంత్రానికి హీటరు గొట్టంలో మిగిలిన గుక్కెడు నీళ్లు గడ్డకట్టి గొట్టాన్ని చీల్చాయి. ఆ చుక్క కారడాన్ని ఏప్రిల్ దాకా వదిలేసి ఉంటే బాగుండేది. వారానికి ఒక బక్కెట్టు పోస్తే సరిపోయేది. చిన్న లీకుకు చలికాలంలో చేయవలసింది అదే. ఇంట్లోంచి గోరువెచ్చటి నీళ్లు పోసి మట్టం నిలుపు. మట్టం నిలబడనంత కారితేనే విప్పు. అదీ ఎండ కాసే రోజు పొద్దున, విడి నట్లు, రబ్బరు రింగులు చేతిలో పెట్టుకుని. హీటరు వైర్లు, 240 వోల్టుల పెట్టె మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కే వదిలెయ్యి. తడి నేల మీద నిలబడి నేర్చుకునే విద్య కాదది.

కరెంటు పోతే మూత తీయకు. పైన పాత దుప్పట్లు, వాటి మీద టార్పాలిన్ కప్పి, పెట్టె లోపల పంపు పక్కన వేడినీళ్ల సీసాలు పెట్టి మార్చుతూ ఉండు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో కరెంటు పోయినప్పుడు డాలస్‌లోని మనవాళ్ల ఇళ్లలో గొట్టాలు ఎలా పగిలాయో విన్నావుగా. అక్కడ చలి కొత్త, మనకు ఆ సాకు లేదు. ఒక రోజు దాటినా కరెంటు వచ్చే సూచన లేకపోతే నీళ్లు వదిలి, షాపు వాక్యూమును (నీళ్లు కూడా లాగే పెద్ద వాక్యూమ్ క్లీనరు) ఊదేవైపు పెట్టి ప్రతి జెట్టులోనూ ఊది, గులాబీ రంగు ఆర్‌వీ యాంటీఫ్రీజ్ (ఇల్లులాంటి బండ్ల నీటి గొట్టాలు గడ్డకట్టకుండా పోసే ద్రవం) పొయ్యాలి. కారులో పోసే ఆకుపచ్చది విషం, అది వద్దు. చలికాలానికి ముందు నీళ్లు మార్చే పని మాత్రం నవంబరు మొదట్లోనే ముగించు.

క్లోరిన్ 3 పీపీఎమ్ (నీటిలో పది లక్షల వంతులకు 3) తగ్గనివ్వకు, పీహెచ్ (నీటి ఆమ్లగుణపు కొలత) 7.2కు 7.8కు మధ్య ఉంచు. పీహెచ్ దిగి ఆమ్లం పెరిగితే హీటరును తినేస్తుంది, అప్పుడు నిజంగానే కొత్తది కొనాలి. వేడి 40 డిగ్రీలు దాటనివ్వకు. మీ నాన్న వేసవికి వస్తే, బీపీ మాత్రలు వేసుకునేవాడు కనుక, డాక్టరును అడిగాకే దిగనివ్వు. వాడు నా మాట వినడు, నువ్వే చెప్పాలి.

గురువారం మీకు మంచు ఉందంటున్నారు. శుక్రవారం పొద్దున ఊడ్చకముందు మూతకు ఫోటో తీసి పంపు, పైనుంచి ఒకటి, మడత దగ్గరగా ఒకటి. కోడలిని అడిగానని చెప్పు.

పెదనాన్న